గెడ్డకు తాళం

భూగోళం వేడెక్కితే మనుషుల మధ్య గొడవలు పెరుగుతాయని పెద్ద దేశాల్లో పెద్దవాళ్ళు లావుపాటి పుస్తకాలు రాసుకుంటున్నారు. మన జిల్లాలోని ఒక మండలం మాత్రం ఆ ప్రమాదాన్ని ఎప్పుడో నివారించింది. గొడవలు నమోదు చేసుకునే ఫారంలో ఆ కారణానికి గడి పెట్టలేదు. (గడి లేని కారణంతో గొడవపడే హక్కు ఏ పౌరుడికీ లేదు.) ఆ మండలం పేరు ఇక్కడ రాయడం లేదు. గజపతినగరంలో ఆటో ఎక్కితే ముప్పావుగంటలో వస్తుంది, వాన పడితే రాదు. అంతవరకు తెలిస్తే చాలు.

ఆ మండలంలోని నీలంపేటకు గౌరి ఇరవై మూడేళ్ళ కిందట కోడలై వచ్చింది. పుట్టిల్లు ఎర్రమెట్ట. రెండు ఊళ్ళకూ మధ్య మైలున్నర దూరం, ఒక జీడితోట, ఒక బొడ్డుగెడ్డ. చదువుకున్నవాళ్ళు దాన్ని వాగు అని రాస్తారు గానీ అక్కడ గెడ్డ అంటేనే నీళ్ళు కదులుతాయి. కొండల్లో పుట్టిన ఆ గెడ్డ ముందు ఎర్రమెట్ట పొలాలు తడిపి, ఆ తర్వాత నీలంపేటకు దిగుతుంది. దాని వెంటే పెళ్ళికూతుళ్ళు కూడా దిగుతారు. నీలంపేటలో మూడిళ్ళకు ఒక కోడలు ఎర్రమెట్ట పిల్లే.

గౌరికి కూర్మయ్య అనే మొగుడు, రెండెకరాల పల్లపు భూమి, ఎర్రమెట్టలో బంగారురాజు అనే తమ్ముడు ఉన్నారు. ఈ మూడింటిలో ఏదీ మరొకదానికి అడ్డం రాకుండా ఇరవై రెండేళ్ళు గడిచిపోయాయి.

ఇరవై మూడో ఏట జూన్‌లో ఒక మంచి వాన పడింది. దాన్ని నమ్మి అందరూ వరినారుకు ఆకుమళ్ళు పోశారు. ఆ తర్వాత యాభై ఒక్క రోజులు ఆకాశం మండల కార్యాలయంలా ఉంది. తెరిచే ఉంది, పని మాత్రం జరగలేదు. మధ్యమధ్య రైతుల ఫోన్లకు సందేశాలు వచ్చాయి: “మీ ప్రాంతంలో ఉరుములతో కూడిన వర్షాలు. చెట్ల కింద నిలబడవద్దు.” ఆ సందేశం చదువుకోవడానికి రైతులు ఎండ తాళలేక చెట్ల కిందే నిలబడ్డారు.

గెడ్డలో నీరు మోకాలి నుంచి చీలమండకు దిగింది. ఎర్రమెట్టవాళ్ళు ఎరువుల సంచుల్లో ఇసక నింపి గెడ్డకు అడ్డంగా వేశారు. మొదట సగం గెడ్డకే వేశారు. సగం వేశాక, మిగతా సగం ఎందుకు వదలాలో ఎవరికీ తోచలేదు.

మూడోనాడు నీలంపేట నుంచి పదకొండుమంది బయల్దేరి వెళ్ళారు. ముందు కూర్మయ్య నడిచాడు. ఆడపడుచు మొగుడు కనుక మాట వింటారని ఊరంతా అతన్ని ముందు పెట్టింది.

“ఏట్రా బంగారూ, గెడ్డంతా మీ పెరడనుకున్నావేటి?” అన్నాడు కూర్మయ్య.

“నాలుగు దినాలు ఆగు బావా. ఆకుమడి పసుపెక్కిపోనాది. ఒక తడి పెట్టీసి ఒగ్గేస్తాను.”

“నాలుగు దినాలకి నా మడిలో గడ్డి కూడా మిగల్దు.”

“మరి ఆ మాట వానకి సెప్పు. నాకేటి సెప్తావు?”

కూర్మయ్య వానకు చెప్పలేదు. వంగి ఒక సంచి లాగాడు. బంగారురాజు పార అడ్డం పెట్టాడు. పార కామ కూర్మయ్య తలకు తగిలిందా, కూర్మయ్య తలే వెళ్ళి కామకు తగిలిందా అన్న విషయంలో రెండు ఊళ్ళలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కుట్లు ఏడు పడ్డాయన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

ఆ వారంలో కుదిరిన సంబంధాలు రెండు వెనక్కి పోయాయి. నీలంపేటలోని ఎర్రమెట్ట కోడళ్ళు పుట్టింటి ఫోను వస్తే పెరట్లోకి వెళ్ళి మాట్లాడడం మొదలుపెట్టారు. ఒక ఊరివాళ్ళు కూర్చున్న ఆటోలో రెండో ఊరివాళ్ళు ఎక్కడం మానేశారు. (దీనివల్ల సగం ఆటోతో తిరగాల్సి వచ్చిన ఆటోవాడు రెండు ఊళ్ళమీదా సమానంగా పగబట్టాడు. ఆ ప్రాంతంలో నిష్పక్షపాతంగా మిగిలిన మనిషి అతనొక్కడే.)

గౌరి మొగుణ్ణి తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. రైటరు కంప్యూటరు ముందు కూర్చుని, కట్టుకట్టిన తలను ఒకసారి చూసి, “కారణం?” అని అడిగాడు.

“వాన పడ్నేదు బాబూ.”

“వానమీద కేసు రాయలేమమ్మా. దానికి చిరునామా ఉండదు. ఇందులో చెప్పు. భూమి, మద్యం, ఆడవాళ్ళ విషయం, రాజకీయం, కుటుంబం.”

“ఇందల ఏదీ కాదు.”

“కొట్టినవాడు నీకేమవుతాడు?”

“తమ్ముడు.”

రైటరు ముఖం తేటపడింది. “కుటుంబం” అన్నచోట నొక్కాడు. యాభై ఒక్క రోజులు వాన కురవకపోవడం ఆ విధంగా గౌరి ఇంటి వ్యవహారం అయింది. పదిరోజుల్లో భార్యాభర్తలను కౌన్సెలింగ్‌కు పిలిచి, ఒకరితో ఒకరు ఎక్కువసేపు గడపాలనీ ఫోను చూడడం తగ్గించాలనీ చెప్పి పంపారు. కూర్మయ్యది బటన్ల ఫోను. అయినా పెద్దవాళ్ళు చెప్పారు కదా అని రెండు రోజులు దాన్ని చూడలేదు.

ఈలోగా ఆకుమడి అంచులు ఎండుతున్నాయి. ఇంకో పక్షం దాటితే ఊడ్పులకు నారే ఉండదు. గౌరి సోమవారం అర్జీల రోజున మండల కార్యాలయానికి వెళ్ళింది.

అక్కడ చంద్రమౌళి గారని మండల సామరస్య అధికారి ఉండేవారు. మారుతున్న కాలానికి తగ్గట్టు ఆ ఉద్యోగాన్ని కొత్తగా సృష్టించారు. కుర్చీ వచ్చింది, బోర్డు వచ్చింది, విధులేమిటో తెలిపే ఉత్తర్వు దారిలో ఉంది. ఆయన చెడ్డవారు కాదు. చెడ్డవారైతే ఏదో ఒక దారిన పని జరిగి ఉండేది.

“గెడ్డ నీరు ఆళ్ళకిన్ని దినాలు, మాకిన్ని దినాలు అని కాయితమ్మీద రాసియ్యండి బాబూ,” అంది గౌరి. “మీ సంతకముంటే రెండూళ్ళోళ్ళూ ఇంటారు. ఇంకేటీ అక్కర్లేదు.”

చంద్రమౌళి గారు ఎంతో ఓపికగా వివరించారు. వంతులు రాయాలంటే నీటి ఎద్దడి ఉండాలి. ఎద్దడి ఉందనాలంటే వర్షపాతంలో లోటు ఉండాలి. లోటు ఉందో లేదో సీజన్ ముగిశాక, అంటే సెప్టెంబరు ముప్పై తర్వాత, లెక్క తేలుతుంది.

“అప్పటికి సేనుండదు బాబూ.”

“అప్పుడు ఎద్దడి ఉండేదని నిర్ధారించడం ఇంకా తేలికమ్మా.” ఆయన సొరుగులోంచి ఒక ఫారం తీశారు. “నీళ్ళ సంగతి అలా ఉంచండి. గొడవ ఉందంటున్నారు కాబట్టి గొడవ కింద పెట్టుకోండి. ఇది ఉమ్మడి వైర ధ్రువీకరణ పత్రం. మీకూ వాళ్ళకూ పడడం లేదని ఇద్దరూ కలిసి సంతకం చేయాలి.”

“ఇద్దరూ కలిసా?”

“ఒక్కరే చేస్తే అది ఏకపక్ష వైరం అవుతుంది. మా పరిధిలోకి రాదు.”

“ఆడు నాతో మాటాడ్డం నేదు బాబూ. మాటాడితే ఇక్కడికెందుకొస్తాను?”

“మాట్లాడకుండా కూడా సంతకం పెట్టవచ్చు,” అన్నారాయన దయగా. “నిబంధనల్లో అభ్యంతరం లేదు.”

ఇంటికొచ్చి ఫారం చూపిస్తే కూర్మయ్య తలకట్టు సర్దుకున్నాడు. “నీ తమ్ముడి గుమ్మం తొక్కినావంటే మళ్ళీ ఈ దారంట రావద్దు,” అన్నాడు.

“దారంట రాను. గెడ్డలోంచి వస్తాను. ఎలాగూ ఎండిపోనాది.”

అన్నట్టే మర్నాడు పొద్దున్నే గెడ్డలోకి దిగింది. చిన్నప్పుడు మెడలోతు నీళ్ళలో తమ్ముణ్ణి వీపున వేసుకుని ఈదిన గెడ్డ అది. ఇప్పుడు చెప్పులు తడవకుండా ఎర్రమెట్ట దాకా నడిచింది. సంచుల కట్ట దగ్గర మాత్రం ఆగింది. అవతల నీళ్ళు నిలిచి ఉన్నాయి. అవీ ఎక్కువేం లేవు. ఒక గేదె పడుకుంటే నిండిపోయేటన్ని. వీటి కోసమా ఏడు కుట్లు అనుకుంది గౌరి. కోపం రావలసిన చోట ఆమెకు ఎందుకో సిగ్గు వేసింది.

బంగారురాజు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అక్కను చూసి లేవలేదు, లోపలికీ పోలేదు. అతని భార్య భారతి “రా వొదినా, కూకో,” అని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

“ఏటొచ్చినావు?” అన్నాడు బంగారురాజు నేలను అడుగుతున్నట్టు.

“నీకూ నాకూ పగని రాయించడానికొచ్చినాను. సంతకం పెట్టు.”

అతను ఫారం తీసుకున్నాడు. నాలుగు పేజీలు. ఇద్దరిలో చదువు కాస్త ఎక్కువ అతనికే (తొమ్మిదో తరగతి, అర్ధసంవత్సరం దాకా) కనుక పైకి చదవడం మొదలుపెట్టాడు.

“వైరం ప్రారంభమైన తేదీ.”

“మీ బావ తల పగిలిన దినం రాయి.”

“పగల్నేదప్పా. సిట్లినాది,” అని అక్కను సరిదిద్దాడు.

“అయితే సిట్లిన దినం రాయి.”

రాశాడు. “వైరానికి ముందు ఇరుపక్షాల మధ్య సత్సంబంధాలు ఉన్నాయా? ఉన్నచో ఆధారాలు జతపరచవలెను.” భారతి గుమ్మంలోంచి, “అమ్మ పోయినాక అప్పే నన్ను పెంచినాది, పెళ్ళి సేసినాదీ అప్పే అని ఎప్పుడూ సెప్తావు గదా, అది రాసీ,” అంది. దానికి ఆధారం ఏం జతపరచాలో ముగ్గురికీ తెలియలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశారు.

“ప్రత్యర్థి నుంచి మీరు కోరుతున్నది ఏమి?”

“మూడు దినాలు నీరు,” అంది గౌరి.

బంగారురాజు కలం పైకెత్తాడు. “మూడు దినాలైతే పైమళ్ళకే సరిపోతాది. మీ కిందోళ్ళ మళ్ళున్నాయి గదా. నాలుగు తీసుకో. వారంలో మూడు మాకు సాలు.” ఆ అంకె వేస్తూనే, “బావకి కుట్లిప్పీసినారేటి?” అని అడిగాడు.

“ఇప్పీసినారు. దురద పెడతన్నాదంటాడు.”

“ఆవునెయ్యి రాయమను.”

మర్నాడు అతనే నలుగుర్ని వెంటబెట్టుకుని సంచులు తీశాడు. గురువారం నుంచి ఆదివారం దాకా గెడ్డ నీలంపేటకు దిగింది. సోమవారం నుంచి బుధవారం దాకా ఎర్రమెట్టకు నిలిచింది. నీలంపేటవాళ్ళు నమ్మక రెండు వారాలు కాపలా కాశారు. మూడోవారం కాపలా ఉన్నవాళ్ళకు ఎర్రమెట్టవాళ్ళు టీ పంపారు. ఊడ్పులు ఆలస్యంగానైనా పడ్డాయి. కూర్మయ్య తలకు నెయ్యి రాసుకున్నాడు. నెయ్యి ఎవరు చెప్పారో అడగలేదు, గౌరి చెప్పలేదు.

సంతకాలు చేసిన ఫారం గౌరి కార్యాలయంలో ఇచ్చేసింది. ఇవ్వకపోయినా జరిగే నష్టం లేదు. కాగితం ఉంటే రేపు మాట రాదని బంగారురాజే ఇమ్మన్నాడు. అక్కాతమ్ముళ్ళు జీవితంలో చేసిన తప్పు ఇదొక్కటే.

పదిరోజులకు తనిఖీ కోసం ఝాన్సీ వచ్చింది. ఆమె సచివాలయంలో క్షేత్ర సహాయకురాలు. పక్క ఊరి పిల్ల. ఆమె ట్యాబ్‌లో పద్నాలుగు యాప్‌లున్నాయి, వాటిలో పదకొండు ఆమె ఎక్కడుందో కనిపెట్టడానికి. ఆమె వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు గెడ్డలో దిగి సంచులు జరుపుతున్నారు.

“ప్రత్యర్థులిద్దరూ ఒకే ఫొటోలో రావాలి పిన్నీ. అలా పక్కపక్కన నిలబడండి. మధ్యలో కొంచెం దూరం ఉంచండి.”

ఫొటో తీసింది. ముఖకవళికలు వైరానికి సరిపోలడం లేదని యాప్ తిరగ్గొట్టింది.

“కొంచెం కోపంగా సూడండి బాబాయ్,” అంది ఝాన్సీ. ఆమె గొంతులో ఆజ్ఞ లేదు. ఎండలో మూడు మైళ్ళు నడిచిన అలసట ఉంది.

బంగారురాజు కళ్ళు పెద్దవి చేశాడు. గౌరికి నవ్వొచ్చింది. రెండో ఫొటో కూడా పోయింది. మూడోసారి సూర్యుడు ఎదురుగా ఉండి ఇద్దరికీ కళ్ళు చికిలించుకుపోయాయి. యాప్ వెంటనే ఒప్పుకుంది. వైరం ధ్రువీకరించబడింది. ఝాన్సీ నిజాయితీ గల పిల్ల కనుక కింద గమనికలో “ఇరువురూ నీటిని వంతులవారీగా పంచుకొనుచున్నారు” అని కూడా రాసింది.

ధ్రువీకరించబడిన వైరం, ఆ వెంటనే సఖ్యత. చంద్రమౌళి గారు ఆ రెండు వాక్యాలను కలిపి చదివారు. మధ్యలో తన కార్యాలయం లేకుండా మొదటిది రెండోదిగా ఎలా మారుతుంది? జిల్లాలో తొలి వాతావరణ వివాదం తన మండలంలో పరిష్కారమైందని పైకి రాశారు. (వివాదానికి గడి లేకపోయినా పరిష్కారానికి ఉంది.) పైనుంచి అభినందన వచ్చింది. అభినందన వెంట ఒక పథకం వచ్చింది. పథకం వెంట సిమెంటు లారీ వచ్చింది.

సంచులు తీసేసి గెడ్డకు అడ్డంగా కాంక్రీటు గోడ, మధ్యలో ఇనుప షట్టరు పెట్టారు. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారు కావడం వల్ల అనుమతులన్నీ పన్నెండు రోజుల్లో వచ్చేశాయి. షట్టరుకు తాళం వేసి, తాళంచెవి మండల కార్యాలయం బీరువాలో పెట్టారు. గురువారం పొద్దున ఝాన్సీ చెవి తెచ్చి తెరవాలి. ఆదివారం సాయంత్రం మూయాలి. రెండుసార్లూ ఫొటో తీయాలి.

“మాకు మేమే తీసుకుంటన్నాం గదండీ. తాళమెందుకు?” అని బంగారురాజు సభలోనే అడిగాడు.

“మీరు తీసుకుంటే అది మీ సఖ్యత,” అన్నారు చంద్రమౌళి గారు మైకులో. “మేము తీస్తే అది వ్యవస్థ. సఖ్యత ఎన్నాళ్ళుంటుందో ఎవరు చెప్పగలరు? వ్యవస్థ ఉంటుంది.”

జనం చప్పట్లు కొట్టారు. వ్యవస్థ ఉంది. రెండు గురువారాలు సెలవుదినాలు కావడంతో నీళ్ళు శుక్రవారం వచ్చాయి. ఎవరూ ఏమనలేదు. పైరు పచ్చబడుతోంది, ఆ పచ్చదనం చూసి అందరికీ మనసు పెద్దదైంది.

సెప్టెంబరు ఇరవై ఐదు, సోమవారం మధ్యాహ్నం, జూన్ నుంచి బాకీ ఉన్న వాన మొత్తం బయల్దేరింది. బంగాళాఖాతంలో వాయుగుండం. మంగళవారం మధ్యాహ్నానికి ముప్పై సెంటీమీటర్లు దాటింది. కొండల నుంచి ఎర్రనీళ్ళు దిగి షట్టరు దగ్గరకొచ్చి ఆగాయి. షట్టరు మూసి ఉంది. మంగళవారం ఎర్రమెట్ట వంతు.

నీళ్ళు వెనక్కి ఎగదన్ని ఎర్రమెట్ట కిందవీధిలోకి ఎక్కాయి. బంగారురాజు ఇల్లు ఆ వీధిలో రెండోది. గోడలు మట్టివి. మంచంపట్టిన పక్కింటి ముసలాయన్ని భారతి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బల్లమీద పెట్టి మోస్తున్నారు. వీధిలో అలాంటి ఇళ్ళు ఇరవై రెండు.

బంగారురాజు ఝాన్సీకి ఫోను చేశాడు. ఝాన్సీ చంద్రమౌళి గారికి చేసింది. ఆయన విశాఖపట్నంలో తుపాను సన్నద్ధతపై రెండురోజుల శిక్షణలో ఉన్నారు. బీరువా చెవి ఆయన జేబులో ఉంది. టీ విరామంలో ఫోను తీశారు.

“ఈరోజేమిటి? మంగళవారం కదా. అది ఎర్రమెట్ట వాళ్ళ నీరు. గురువారం కాకుండా కిందికి వదిలితే రేపు వాళ్ళే మనల్ని అడుగుతారమ్మా,” అన్నారు.

“వాళ్ళే వదలమంటున్నారు సార్.”

“అయితే లిఖితపూర్వకంగా ఇమ్మను. నీలంపేటవాళ్ళ అంగీకారం కూడా తీసుకో.”

నీలంపేటవాళ్ళు అప్పటికే గోడ దగ్గరకు వచ్చి నిలబడ్డారు, అంగీకారం ఇవ్వడానికి కాదు. షట్టరు ఒక్కసారి లేస్తే అంత నీరూ తమ పొలాలమీద పడుతుంది. అవతలి గట్టున ఎర్రమెట్టవాళ్ళు గునపాలతో వచ్చారు. ఇవతల నీలంపేటవాళ్ళు కర్రలతో ఉన్నారు. వాన హోరులో ఒకరు అన్నది ఒకరికి వినబడకపోవడం వల్ల మాటామాటా పెరగలేదు. అంతవరకు వాన మేలు చేసింది.

గౌరి ఇంట్లోంచి గునపం తెచ్చింది. తన ఊరివాళ్ళ మధ్యలోంచే గోడమీదికి ఎక్కబోయింది. కూర్మయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అది లేస్తే ముందు పోయేది మన సేనే.”

“తెల్సు.”

“పొట్టకొచ్చినాది గౌరీ.”

“తెల్సు. సేన్లో మనుసుల్నేరు. ఆ ఈదిలో ఉన్నారు.”

కూర్మయ్య ఆమె చేతిలోంచి గునపం లాక్కున్నాడు. నీలంపేటవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. బంగారురాజు అవతలి గట్టుమీద నుంచి చూస్తున్నాడు. కూర్మయ్య గునపం భుజాన వేసుకుని గోడ ఎక్కాడు. “నువ్వు కొడితే సాయంత్రం దాకా పడతాది,” అని తాళంమీద మూడు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకు అది ఊడి నీళ్ళలో పడింది. బంగారురాజు ఇటు దాటి వచ్చి బావతో పాటు షట్టరు చక్రం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తిప్పారు. కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఒక్కడు కూడా అడుగు కదపలేదు. ఏడు కుట్లు పడ్డ మనిషే తిప్పుతుంటే ఎవరి తరఫున కొట్టాలో వాళ్ళకు అర్థం కాలేదు.

సాయంత్రానికి కిందవీధిలో నీరు తీసింది. ఒక్క ప్రాణం పోలేదు. గౌరి రెండెకరాలమీద మోకాలెత్తు ఇసక మేట వేసింది. దాని కింది పొలాలు ముప్పై ఎకరాల దాకా పోయాయి. ఎర్రమెట్టవాళ్ళ పైరు నాలుగు రోజులు నీటిలో నాని, అయిదో రోజున కుళ్ళింది. ఎవరి పైరు ముందు పోయిందన్న విషయంలో మాత్రం ఈసారి రెండు ఊళ్ళ మధ్య వాదన రాలేదు.

సెప్టెంబరు ముప్పై వచ్చింది. లెక్క తేలింది. మండలంలో ఆ సీజన్‌లో కురవవలసినది అరవై నాలుగు సెంటీమీటర్లు. కురిసినది అరవై అయిదు. సాధారణం. కరువు సాయం అడగడానికి వెళ్ళిన రెండు ఊళ్ళవాళ్ళకూ చంద్రమౌళి గారు కాగితం చూపించారు.

“మీకు కరువొచ్చింది, వరద వచ్చింది. నేను కాదనడం లేదు. కానీ రెండూ కలిపితే చాలా బాగుంది.”

నెలరోజులు అన్నం పెట్టకుండా, ముప్పయ్యో నాడు నెలకు సరిపడా అన్నం మనిషి నెత్తిన కుమ్మరిస్తే, ఆ మనిషి లెక్క ప్రకారం సుష్టుగా భోంచేసినట్టే. ఆయన తప్పేం లేదు. కాగితంలో అలాగే ఉంది.

తర్వాతి వారం గౌరికి నోటీసు వచ్చింది. వైర పత్రంలో మొదటి సంతకం ఆమెది కనుక నోటీసు కూడా ఆమె పేరునే వచ్చింది. అందులో ఇలా ఉంది: తమ వంతు కాని మంగళవారం నాడు, ప్రభుత్వ తాళాన్ని పగలగొట్టి, ఎర్రమెట్ట గ్రామానికి చెందిన నీటిని అక్రమంగా తమ పొలంలోకి మళ్ళించుకున్నారు. ఆ విధంగా పొందిన నీరు సుమారు రెండు సీజన్ల వాటాకు సమానం. కావున నీలంపేట వంతును రాబోయే రెండు సీజన్లకు రద్దు చేయడమైనది.

గౌరి నోటీసు పట్టుకుని వెళ్ళింది. ఈసారి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఆ నీరు తిరిగిచ్చీమంటే ఇచ్చేస్తాను బాబూ. ఇసకతో సహా పట్టుకెళ్ళిపోండి.”

చంద్రమౌళి గారు నిజంగానే ఆలోచించారు. “ఇసుక మా శాఖ కాదమ్మా. గనుల శాఖకు రాసుకోవాలి. వాళ్ళ అనుమతి లేకుండా మీ పొలంలోంచి ఇసుక తీయడం కూడా నేరమే, చూసుకోండి.”

ఆమె నవ్వలేదు. బయటకు వచ్చి మెట్లమీద కూర్చుంది. రెండెకరాలు కళ్ళముందు కనిపించాయి. తెల్లగా, సముద్రపు ఒడ్డులా ఉన్నాయి. పక్కన బంగారురాజు వచ్చి కూర్చున్నాడు. అతనూ నష్టం రాయించుకోవడానికి వచ్చి, రాయించుకోకుండా తిరిగొచ్చాడు.

“మా వంతు కొట్టీసినార్రా. గెడ్డంతా నీదే ఇప్పుడు,” అంది.

“నాకేటికప్పా?” అన్నాడు బంగారురాజు. “దేనికి పెట్టుకోను?”

ఆ వెంట అతనే, చెన్నైలో మేస్త్రీ ఒకడు మనుషుల్ని అడుగుతున్నాడనీ, కొత్త అపార్ట్‌మెంట్లు కడుతున్నారనీ, మొగుడూపెళ్ళాలైతే ఇంకా మంచిదంటున్నాడనీ చెప్పాడు. ఆ అపార్ట్‌మెంట్ల కింద ఇంతకుముందు చెరువు ఉండేదట. గౌరి అదేమీ అడగలేదు. కూర్మయ్యకు తను చెప్తాననీ, భారతి ఒక్కతే ఉంటే భయపడుతుంది కనుక అందరూ ఒకే గదిలో ఉండవచ్చనీ అంది.

నవంబరు రెండోవారంలో ఒక ప్రైవేటు బస్సు పట్టపగలు వచ్చి రెండు ఊళ్ళకూ మధ్య జీడితోట దగ్గర ఆగింది. బియ్యం మూటలు, స్టవ్వులు, ప్లాస్టిక్ బిందెలు పైకెక్కాయి. గౌరీ భారతీ ఒక సీట్లో కూర్చున్నారు. వాళ్ళ వెనక బావాబామ్మర్దులు కూర్చున్నారు. బంగారురాజు కిటికీ పక్క సీటు కూర్మయ్యకు ఇచ్చాడు. కూర్మయ్య తీసుకున్నాడు. ఎర్రమెట్టవాళ్ళూ నీలంపేటవాళ్ళూ ఎవరి పక్కన చోటుంటే వాళ్ళ పక్కన కూర్చున్నారు. ఆ దారిలో ఒకే బండి నిండుగా రెండు ఊళ్ళవాళ్ళూ ఎక్కడం జూలై తర్వాత అదే మొదటిసారి.

బస్సు కదలబోతుంటే ఝాన్సీ ట్యాబ్ పట్టుకుని పరుగున వచ్చి లోపలికెక్కింది. సామరస్య సర్వేకు అదే ఆఖరు రోజు.

“పిన్నీ, ఒక్క ప్రశ్నే. రెండూళ్ళ మధ్యా ఇప్పుడేమైనా గొడవలున్నాయా?”

గౌరి వెనక్కి తిరిగి బస్సంతా చూసింది.

“రెండూళ్ళూ ఇక్కడే ఉన్నాయి గదమ్మా. నువ్వే సూసి రాసుకో.”

ఝాన్సీ చూసింది. గౌరి భుజంమీద చెయ్యి వేసి, దిగిపోయింది. బస్సు సాలూరు నుంచి దిగుతున్న లారీల వరసలో కలిసి కనిపించకుండా పోయాక, యాప్ అడిగిన ప్రకారం ఆమె రెండు ఊళ్ళలోనూ తాళాలు వేసి ఉన్న ఇంటింటికీ తిరిగింది.

డిసెంబరు ఒకటో తారీఖున చంద్రమౌళి గారు పైకి పంపిన నివేదికలో ఇలా ఉంది: “ఎర్రమెట్ట, నీలంపేట గ్రామాలలో సంపూర్ణ శాంతి నెలకొన్నది. తనిఖీ చేసిన నలభై ఒక్క ఇళ్ళలో ఒక్క ఇంటి నుండి కూడా ఏ విధమైన ఫిర్యాదూ వినిపించలేదు.”